పుక్కిలి పళ్ళెం

ఆమె తిన్నదని నాకు తెలుసు. తినలేదని ఎందుకు రాశాను?

ఈ ప్రశ్నను రెండేళ్ళు వాయిదా వేశాను. వాయిదా వేయడానికి కారణాలు దొరికాయి. ఉద్యమ ప్రయోజనం, క్రమశిక్షణ, శత్రువు చేతికి ఆయుధం అందించకూడదన్న జాగ్రత్త. టెక్కలిలో జూనియర్ కాలేజీ పిల్లలకు తర్కశాస్త్రం చెప్పుకుని బతికే మనిషికి కారణాల కొరత ఉండదు. ఇది చదివే కార్మికులు, విద్యార్థులు నన్ను క్షమించనక్కరలేదు. జరిగింది జరిగినట్టు వింటే చాలు.

రెండువేల ఒకటి మార్చిలో ఒక సాయంత్రం పలాస వెళ్ళాను. రైలు కట్టకు అవతల ఉన్న పెద్ద జీడి బట్టీ దగ్గర మా కార్మిక సంఘం కరపత్రాలు పంచాలి. నూట ఇరవై మంది ఆడవాళ్ళు ఆ బట్టీలో కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తారు. విరగని నిండు పప్పును అక్కడ గుండు అంటారు. పని దిగే వేళ గేటు లోపల వరసగా నిలబడ్డారు. వరస ముందు ముక్కాలిపీట, పీట మీద వెడల్పాటి, లోతైన పింగాణీ పళ్ళెం, పక్కన నీళ్ళ కుండ. పళ్ళెం లోపలివైపు నల్లరంగు వేయించారు.

ఆ రంగు ఎందుకో కాసేపటికి అర్థమైంది. ప్రతి మనిషీ ఒక గుక్క నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి పళ్ళెంలో ఉమ్మాలి. సూపర్‌వైజరు ఢిల్లీరావు వంగి చూస్తాడు. నలుపు మీద తెల్లని నలక కనిపిస్తే ఆ మనిషి లోపల పప్పు తిన్నట్టు. కనిపించకపోతే ఇంటికి పోవచ్చు.

ఆ రోజు అమ్ములు నీళ్ళు తెల్లగా పడ్డాయి.

అమ్ములు డొంకూరు మనిషి. సముద్రం మీద బతికిన కుటుంబం. తొంభై తొమ్మిది తుఫానులో వాళ్ళ పడవ ముక్కలైతే మొగుడూ పెళ్ళామూ పలాస వచ్చి గుడిసె వేసుకున్నారు. ఆమె గురించి అప్పటికి నాకు ఇంతే తెలుసు.

ఢిల్లీరావు ఆమెను గేటు పక్కన నేల మీద కూర్చోబెట్టి, పళ్ళెం ఒళ్ళో పెట్టాడు.

"సేపలు తిన్న నోటికి జీడిగుండు కావలసొచ్చిందేటే? పట్టుకో. ఒలికిందంటే మళ్ళీ ఉమ్మాల." వరస వైపు తిరిగాడు. "ఒకొక్కర్తీ వచ్చి సూడండి. సూసి ఎల్లండి."

ఒక్కొక్కరే వచ్చి చూసి వెళ్ళారు. అందరిలో పెద్దది చిన్నతల్లి. చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతుంది. ఆ చుట్ట నోట్లోనే ఉంచుకుని, తల దించుకుని, పళ్ళెం చూసి వెళ్ళిపోయింది. నేను గేటు బయట కరపత్రాలు పట్టుకుని నిలబడి ఉన్నాను.

అప్పుడు నాకు కలిగిన మొదటి భావం కోపం అయితే ఈ కథ మరో విధంగా ఉండేది. కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది తృప్తి. రాయదగిన దృశ్యం ఒకటి దొరికిందన్న తృప్తి.

చీకటి పడకముందే ఆమెను వదిలారు. రేపటి నుంచి రావద్దన్నారు. కాశీబుగ్గ వైపు నడుస్తున్న ఆమెను కలుసుకున్నాను.

"అమ్మా, నువ్వు తిన్నావా?"

"తిన్నానండి. ఒక్క గుండు."

"ఆకలేసిందా?"

"లేదండి. పొద్దున్నే గంజి తాగీసి వచ్చినాను."

"మరెందుకు?"

ఆమె నవ్వింది. ఆ సాయంత్రం ఆమె నవ్వగలదని నేను అనుకోలేదు.

"ఏడాది దాటినాది ఈ జీడిగుళ్ళకి పొట్టు తీయబట్టి. లారీలెక్కి ఎక్కడెక్కడికో ఎల్తన్నాయి. ఏటుంది ఇందులో అని నోట్లో ఏసుకున్నాను. కొబ్బరికి సెల్లెల్లాగుంది సారూ. అంతకన్నా ఏటీ లేదు."

"ఎవరడిగినా తినలేదని చెప్పు."

"అబద్దమాడమంతారేటి?"

"ఇది నీ ఒక్కదాని సంగతి కాదమ్మా. అందరి సంగతి."

"నోరు నాదే గదండీ," అని ఆమె గుడిసెల వైపు తిరిగిపోయింది.

మర్నాడు సంఘం ఆఫీసులో సమావేశం. బట్టీ ఆడవాళ్ళు నలభై మంది దాకా వచ్చారు. కార్యదర్శి నిరంజన్ నిజాయితీ గల మనిషి, వేగంగా ఆలోచించేవాడు. అతన్ని ఈ కథలో దుర్మార్గుడిగా చూపితే నా పని తేలికవుతుంది. అతను దుర్మార్గుడు కాడు.

"ముందు ఒక మాట తేలాలి," అన్నాడు నిరంజన్. "మాస్టారూ, నిన్న మీరు అమ్ములుతో మాట్లాడారు. ఆవిడ తిన్నదా, లేదా?"

నలభై జతల కళ్ళు నా వైపు తిరిగాయి. ఒక్క గుండు. రుచి కోసం. ఈ మాట చెబితే ఈ సభ ఏం చేస్తుంది? ఆకలి అయితే చెప్పి ఉండేవాణ్ణి. కడుపుతో ఉన్న మనిషి అయితే గొంతెత్తి చెప్పేవాణ్ణి. కేవలం తినాలనిపించి తిన్న బీదమనిషికి నా దగ్గర ఉన్న పుస్తకాల్లో చోటు లేదు.

"తినలేదంది," అన్నాను.

ఆడవాళ్ళందరూ ఒకేసారి తలలు దించుకున్నారు. అది దుఃఖమనుకున్నాను.

"అయితే ఇంకేం," అన్నాడు నిరంజన్. "షెడ్డులో గాలినిండా పొట్టు ధూళి. అదే నోట్లో చేరింది. అమాయకురాలి మీద దొంగ ముద్ర వేశారు. మాస్టారూ, ఒక నాటకం రాయండి. చూసినవాడి కళ్ళ నీళ్ళు ఆగకూడదు."

వారం రోజుల్లో రాశాను. అందులో అమ్ములు మల్లి అయింది. మల్లి కడుపుతో ఉంది, మూడు రోజులుగా పస్తు ఉంది, అయినా ఒక్క పప్పు ముట్టలేదు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, "నా నోరు గంగ అంత శుద్ధం" అంటూ ప్రాణం విడుస్తుంది. జలంత్రకోట కొబ్బరితోటల్లో ఆడినప్పుడు రైతులు లేచి నిలబడ్డారు. మల్లి వేషం వేసిన పిల్లకు ఒక ముసలామె కొబ్బరిబోండాం కొట్టి తాగించి, గడ్డం పట్టుకుని ఏడ్చింది. నాకు గర్వం కలిగింది. అమ్ములు ఆ నాటకం చూసిందో లేదో నేను అడగలేదు.

సమ్మె మొదలైంది. డిమాండు ఒక్కటే: నిరపరాధిని పనిలోకి తీసుకోవాలి.

పంతొమ్మిదో రోజున బట్టీ షావుకారు కబురు పంపాడు. ఆ మనిషి తినలేదని రావివలస ఎండల మల్లన్న ఎదుట ప్రమాణం చేస్తే పనిలోకి తీసుకుంటాననీ, పళ్ళెం కూడా ఎత్తేస్తాననీ. నిరంజన్ పొంగిపోయాడు. ఎందుకు పొంగడు? ఆమె తినలేదని అతనికి తెలుసు. అతనికి ఆ తెలివిడి ఇచ్చింది నేను.

ఆ క్షణాన అడ్డుపడవలసింది. పడలేదు. అబద్ధం ఆడుతుందిలే అనుకున్నాను. తన నోటి సంగతి తాను చూసుకుంటుందని, నా మాటకు ఆమె నోటిని పూచీ పెట్టాను.

రెండు లారీల్లో రావివలస వెళ్ళాం. పైకప్పు లేకుండా ఎండలో నిలిచిన దేవుడి ముందు, షావుకారు చూస్తుండగా, అతని మనిషి కర్పూరం వెలిగించాడు. అమ్ములు చెయ్యి చాచింది. మంట మీదికి చెయ్యి పోలేదు. వెనక్కి తీసుకుంది.

"తిన్నాను," అంది. "ఒక్క గుండు."

షావుకారు కారెక్కాడు. అతనికి అంతకన్నా ఏం కావాలి.

"ఎవడు కొన్నాడే నిన్ను?" అన్నాడు నిరంజన్. పంతొమ్మిది రోజులు నిద్రలేని గొంతు. "ఇంతమంది నీ కోసం పస్తులుంటే ఎవడికి అమ్ముడుపోయావు?"

"నన్నెవులూ కొన్లేదు బాబూ. సారుని అడగండి. ఆ దినమే సెప్పినాను."

ఆమె నా వైపు చూసింది. అందరూ ఆమె వైపు చూశారు.

"నాకు తినలేదనే చెప్పింది," అన్నాను.

అమ్ములు చెయ్యి కొంగుకు తుడుచుకుంది. తర్వాత "సరే సారూ," అంది. లారీ ఎక్కలేదు. టెక్కలి రోడ్డు వైపు ఒక్కతే నడిచిపోయింది.

మర్నాటి నుంచి ఆడవాళ్ళు పనిలోకి వెళ్ళారు. పళ్ళెం అలాగే ఉంది. దానికి తోడు గేటు దగ్గర చీరలు దులిపించడం, రవికలు తడమడం మొదలైంది.

ఇంతటితో ఆగి ఉంటే నన్ను పిరికివాడు అని సరిపెట్టవచ్చు. ఆగలేదు. ఓటమికి కారణం చూపాలని సంఘం అడిగింది. నాటకానికి మరో దృశ్యం కలిపాను. మల్లి చనిపోయాక ఒక ద్రోహి వస్తుంది. షావుకారుకు అమ్ముడుపోయి, దేవుడి ముందు సాటి కార్మికుల పరువు తీస్తుంది. చూసేవాళ్ళు ఎవరో గుర్తుపట్టాలని ఆమె నెత్తిన ఎండుచేపల బుట్ట పెట్టాను. అప్పటికి అమ్ములు కాశీబుగ్గ బజారులో ఎండుచేపలు అమ్ముతోంది. నాటకం ఆడిన ప్రతి చోటా ఆ బుట్ట కనబడగానే జనం ఈల వేశారు. బజారులో ఆమె బుట్ట దగ్గరికి బట్టీ ఆడవాళ్ళు వెళ్ళడం మానేశారు.

ఆ దృశ్యం రెండు పేజీలు. నా చేతిరాత.

రెండువేల మూడు ఏప్రిల్ ఆఖరి వారంలో చిన్నతల్లి టెక్కలి వచ్చింది. పరీక్ష తప్పిన పిల్లలకు చెప్పే నా వేసవి క్లాసు అయ్యేదాకా కాలేజీ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఎప్పుడూ నోట్లో ఉండే చుట్ట చేతిలో ఉంది, ఆరిపోయి.

"మొన్న మా బట్టీ పిల్ల లక్ష్మీకుమారిని ఆ ఢిల్లీరావు కూకోబెట్టినాడు సారూ," అంది. "ఒళ్ళో పళ్ళెం పెట్టి. ఎండలో. గుంట కళ్ళు తిరిగి పడిపోనాది."

"ఈసారి సమ్మె చేద్దాం. నిరంజన్‌తో మాట్లాడతాను."

"ఎవులు సేత్తారు?"

"అందరూ. మళ్ళీ ఊరూరా నాటకం ఆడి..."

"ఆ నాటకం వల్లే రారు."

నేను కుర్చీ తెప్పించబోయాను. వద్దని చెయ్యి ఊపింది. ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

"మీ మల్లి తినలేదు," అంది చిన్నతల్లి. "మేం తిన్నాం సారూ."

"ఎవరు?"

"ఎవులేటి, అందరం. రోజూ కాదు. మనసైనప్పుడు ఒకటి. నాను ఈ అడ్డపొగ ఎందుకు తాగుతాననుకున్నావు, గేటు కాడికొచ్చే ముందర? అలవాటుంది, కాదనను. నిప్పు నోట్లో పెట్టుకుని వత్తే ఉమ్మంతా మసి. ఆ ఢిల్లీరావు తెలుపు ఎతుకుతాడు, ఆడికి నా మసి కనబడతాది. కన్నమ్మ ఆకు నములుతాది. లక్ష్మీకుమారి సింతపండు పెట్టుకుంతాది, మొన్న మరిసిపోనాది. ఎవుల కిటుకు ఆలది."

"మరి అమ్ములు?"

ఆమె చుట్టను వేళ్ళ మధ్య తిప్పింది.

"దానికి ఎవులూ సెప్పలేదు. సముద్రం ఒడ్డు మనిషి, మన ఊరు కాదు, మన పొలం కాదు. నలుగురు కూకుని కబుర్లాడినప్పుడు దాన్ని పిలిసినామేటి? పట్టుబడితే అదొక్కర్తే పట్టుబడినాది. ఆ గుడికాడ తిన్నానని సెప్పినప్పుడు మాకు కోపం రాలేదు సారూ. సిగ్గొచ్చింది. ఆ సిగ్గు మొయ్యలేక కోపం సేసుకున్నాం. మీ నాటకం సూసి అందరి కన్నా ముందు ఈలేసింది నానే."

ఆమె నన్ను ఏమీ అడగలేదు. నేనే అన్నాను. "చిన్నతల్లీ, అమ్ములు నాకు ఆ సాయంత్రమే చెప్పింది."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"గుడికాడ ఆలందరూ దాని మొకం సూసినారు. నాను మీ మొకం సూసినాను. మీరు నేల సూసినారు."

గంట కొట్టారు. పిల్లలు మమ్మల్ని దాటుకుంటూ తరగతిలోకి వెళ్ళారు. చిన్నతల్లి లేచి చీర దులుపుకుంది.

"తప్పు నీదొక్కడిదే అనుకోకు. అలగని మాదే అని నువ్వు తప్పించుకోకు. మొన్న దాని కాడికి ఎల్లినాను. రెండేళ్ళకి ఎండుసేపలు కొన్నాను."

"ఏమంది?"

"ఏటీ అన్లేదు. తూసి ఇచ్చింది. సరిగ్గానే తూసింది." మెట్లు దిగుతూ ఆగింది. "మేడే నాడు మాకు సెలవు లేదు. అయిదింటికి గేటు కాడికి రండి. మీ నాటకం మీరు తెచ్చుకోండి. మేమూ ఒకటి అనుకున్నాం, ఆకు నమిలేవోలు, పొగ తాగేవోలు, అందరం కూకుని. ఈసారి అమ్ములుని కూడా పిలిసినాం."

ఆ గంట క్లాసులో నేను చెప్పవలసిన పాఠం, వాదనల్లో పైకి చెప్పకుండా దాచిన ఆధారవాక్యాల గురించి. నల్లబల్ల మీద ఉదాహరణ రాయడానికి సుద్ద పట్టుకుని ఆగిపోయాను. 'ఆమె నిరపరాధి, కాబట్టి ఆమెను వదలండి.' నా నాటకం మొత్తం ఈ ఒక్క వాక్యం. అందులో దాగిన రెండో వాక్యం నాకు అప్పుడు కనిపించింది. 'అపరాధి అయితే పట్టుకోండి.' ఆ వాక్యం షావుకారుది. పళ్ళెం నిలబడి ఉన్న ముక్కాలిపీట అదే. దానికి ఎర్రరంగు పూసి ఊరూరా తిప్పింది నేను. మనిషి నోరు తెరిచి చూసే హక్కు ఎవడికి ఉంది అని నేను అడగలేదు. నోరు శుభ్రంగా ఉంది చూసుకోండి అన్నాను. మా ఇంటి పాయసంలో జీడిపప్పు తిన్నందుకు నన్ను ఎవరూ ఏ పళ్ళెంలోనూ ఉమ్మమనలేదు.

పిల్లలు ఉదాహరణ కోసం చూస్తున్నారు. ఆ రోజు పాఠం చెప్పలేకపోయాను.

మేడే సాయంత్రం గేటు ఎదుట లారీ నిలిపి దాన్నే వేదిక చేశారు. ఎర్రజెండాలు, మైకు, డప్పులు. రైల్వే కూలీలు, కళాసీలు, కొబ్బరిపీచు పనివాళ్ళు, నా కాలేజీ పిల్లలు కొందరు. నాటకం రాతప్రతి నా సంచిలో ఉంది. ఇవాళ ఆడవద్దని నిరంజన్‌కు చెప్పాలని వచ్చాను. ఎలా చెప్పాలో తేల్చుకోలేదు. చెబితే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే అంతా చెప్పాలి. లారీ చుట్టూ రెండుసార్లు తిరిగాను.

అయిదు కొట్టారు. ఆడవాళ్ళు గేటు ఊచల వెనక వరస కట్టారు. అందరికన్నా ముందు చిన్నతల్లి. నోట్లో చుట్ట లేదు.

ఆమె నీళ్ళ కుండ దాటి పళ్ళెం ఎదుటికి వచ్చింది. బొడ్డున దోపిన కొంగు విప్పి ఒక తెల్లని గుండు తీసింది. అందరికీ కనబడేలా రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది. నోట్లో వేసుకుని, తొందర లేకుండా నమిలింది.

"ఏటే ఇది?" అన్నాడు ఢిల్లీరావు.

ఆమె చేత్తోనే ఆగమంది. నమలడం అయింది. నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఉమ్మింది. నల్లని పళ్ళెంలో తెల్లగా పడింది.

"సూడు బాబూ. వంగి సూడు. ఇన్నేళ్ళూ ఎతికినావు గదా."

వెనక కన్నమ్మ ముందుకు వచ్చింది. ఆమె కొంగులోనూ ఒక గుండు ఉంది. ఆమె వెనక లక్ష్మీకుమారి. నాలుగో మనిషి, అయిదో మనిషి. డప్పులు ఆగిపోయాయి. వందల మంది నిలబడి నమిలే చప్పుడు వింటున్నారు. ఇరవైమంది అయ్యేసరికి పళ్ళెంలో నలుపు కనబడలేదు.

"ఇందులో ఏది ఎవుల్దో సెప్పు బాబూ," అంది కన్నమ్మ. "నీకు కళ్ళు బాగుంతాయి గదా."

"నువ్వూ ఓ గుక్క పుక్కిలించు ఢిల్లీ," అని ఎవరో వెనక నుంచి అన్నారు. "నీ నోరు కూడా సూద్దుం."

వరసంతా నవ్వింది. ఢిల్లీరావు పెదవులు బిగించుకున్నాడు. అరచేత్తో నోరు తుడుచుకుని ఆఫీసు గది వైపు పరుగెత్తాడు. అతనూ తిన్నాడని ఆ పరుగే చెప్పింది.

అరగంటలో జీపు వచ్చింది; అప్పటికి వరసలో అందరూ ఉమ్మేశారు. వెనక ఒక వ్యాను. ఎస్సై దిగి గేటు తీయించాడు. దొంగతనం ఫిర్యాదు అందిందన్నాడు. తిన్నవాళ్ళ పేర్లు కావాలన్నాడు. ఆడవాళ్ళు కదల్లేదు.

నిరంజన్ నన్ను చెయ్యి పట్టుకుని లారీ పక్కకు లాగాడు.

"మాస్టారూ, ఇది నూట ఇరవై మంది మీద దొంగతనం కేసు అవుతుంది. చంటిపిల్లల తల్లులు ఉన్నారు. వీళ్ళకేం పోయేకాలం వచ్చిందో నాకు ఒక్క మాట చెప్పలేదు. మీరు గవర్నమెంటు లెక్చరరు, మీ మాట ఎస్సై వింటాడు. ఇదంతా మేడే నాటకంలో భాగమని చెప్పండి. బయట కొన్న పప్పుతో నటించారని చెప్పండి. ఒక్క మాట. రాత్రికి అందరూ ఇళ్ళకు పోతారు."

ఎస్సై మా వైపే వస్తున్నాడు. నాటకాల కోసం అనుమతి అడగడానికి వెళ్ళినప్పటి నుంచి అతనికి నేను తెలుసు.

"ఏంటి మాస్టారూ ఇది? మీ నాటకమేనా?"

అవునంటే చాలు. ఆ మాట అన్యాయం కూడా కాదు, అందరినీ ఇంటికి చేరుస్తుంది. రెండేళ్ళ కింద సంఘం ఆఫీసులోనూ నాకు ఇలాగే తోచింది. మళ్ళీ వాళ్ళ మంచి కోసం వాళ్ళ నోరు నేను కడగబోతున్నాను.

గేటు పక్కన, ఒకప్పుడు తనను కూర్చోబెట్టిన చోటే, అమ్ములు బుట్ట దించి నిలబడి ఉంది. రావివలసలో నా వైపు చూసిన మనిషి ఇప్పుడు నన్ను చూడటం లేదు. పళ్ళెం చూస్తోంది. నా నుంచి ఆమెకు ఏ ఆశా లేదు.

"నాటకం కాదు," అన్నాను. "వాళ్ళు తిన్నారు."

నిరంజన్ నా చెయ్యి వదిలేశాడు.

లారీ ఎక్కి మైకు తీసుకున్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"రెండేళ్ళ కింద అమ్ములు ఒక్క గుండు తిన్నది. తిన్నానని ఆ సాయంత్రమే నాతో చెప్పింది. తినలేదని మీకు చెప్పింది నేను. గుడి దగ్గర ఆమె నన్ను సాక్ష్యం అడిగింది. అక్కడా అబద్ధమాడాను. ఆమె ఎవరికీ అమ్ముడుపోలేదు. చేపలబుట్ట దృశ్యం నేను కల్పించాను. సమ్మె ఓడింది ఆమె నిజం చెప్పినందుకు కాదు, మనం అబద్ధం మీద నిలబడినందుకు. తిన్నా తినకపోయినా మనిషి నోట్లో చూసే హక్కు ఎవడికీ లేదు. ఆ మాట ఆ రోజే అనవలసింది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మల్లి వేషం వేసే పిల్ల ముఖం పక్కకు తిప్పుకుంది. నిరంజన్ మెల్లగా అన్నాడు. "నాకు కూడానా మాస్టారూ?"

"మీకు కూడా."

జనం మధ్య నుంచి దారి చేసుకుంటూ అమ్ములు లారీ దగ్గరికి వచ్చింది.

"రాసియ్యి సారూ," అంది. "నోటి మాటని ఎప్పుడు ఎలగైనా మార్సగలవు నువ్వు."

కిందికి దిగాను. సంచిలో నాటకం తప్ప వేరే కాగితం లేదు. చేపలబుట్ట దృశ్యం ఉన్న రెండు పేజీలు చింపాను. నేల మీద కూర్చుని, వాటి వెనక ఖాళీ వైపున, చెప్పిందంతా రాసి సంతకం చేశాను. అమ్ములుకు చదువు రాదు. కాగితాలు తీసుకుని లక్ష్మీకుమారికి ఇచ్చింది. ఆ పిల్ల ఏడో తరగతి దాకా చదివింది. గట్టిగా చదివింది.

"ఒక్క గుండు అని రాసినాడా?" అని అడిగింది అమ్ములు.

"రాసినాడక్కా."

"సరే."

గుడి దగ్గర అన్న మాటే. గొంతు కూడా అదే. ఆమె నన్ను క్షమించిందని అనుకునే అవకాశం ఆ గొంతు నాకు ఇవ్వలేదు. కాగితాలను ఆమే తీసుకెళ్ళి ఎస్సై చేతిలో పెట్టింది. పెట్టి, "నా పేరు ముందర రాసుకోండి బాబూ," అంది. "అందరికన్నా ముందర తిన్నది నానే."

"ముందర తిన్నది నువ్వు కాదే," అంది చిన్నతల్లి. "నువ్వు పుట్టకముందే నాను తిన్నాను. నా పేరు రాయండి."

"నా పేరు కన్నమ్మండి. ఒకటి కాదు, రెండు."

పేర్లు గేటు లోపలి నుంచి ఒకదాని మీద ఒకటి వచ్చాయి. కానిస్టేబులు రాయడం ఆపేసి ఎస్సై ముఖం చూశాడు. వ్యానులో పదిమందికి మించి పట్టరు. ముఖ్యులను ఎక్కించమన్నాడు ఎస్సై. ముఖ్యులు ఎవరని అడిగాడు కానిస్టేబులు.

"వేను మాకొద్దు," అంది చిన్నతల్లి. "టేసను దూరమేటి? నడుద్దుం."

వెనక్కి తిరిగి అందరినీ చూసింది. ఎవరూ కాదనలేదు. ముక్కాలిపీట మీది పళ్ళేన్ని రెండు చేతులా ఎత్తింది. దానిలో నూట ఇరవై నోళ్ళ నీళ్ళు అంచుల దాకా ఉన్నాయి. ఒక పక్క అమ్ములు పట్టుకుంది.

"ఒలకనియ్యకు," అంది చిన్నతల్లి. "సాచ్చికం ఇదే."

నేను చెయ్యి సాయం పట్టబోయాను. అమ్ములు మోచేత్తో తప్పించింది.

"మీరు ఎనక రండి సారూ."

వాళ్ళు గేటు దాటారు. రైల్వే కూలీలు జెండాలు దించి వరసలో కలిశారు. నిరంజన్ లారీ పక్క నుంచి వచ్చి తనూ కలిశాడు. అందరూ ముందుకు సాగేదాకా ఆగి, అమ్ములు వదిలేసిన చేపలబుట్ట నెత్తికెత్తుకుని, నేను చివర నడిచాను.